డెల్టాకు వచ్చిన యుద్ధం: తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలు (1939–1952)

యుద్ధం నలిపేసిన సమాజం అనగానే ఇవాళ్టి పాఠకుడికి ముందు గుర్తొచ్చేది అఫ్గానిస్థాన్. 1979 డిసెంబరులో సోవియట్ సైన్యం ప్రవేశించింది మొదలు 2021 ఆగస్టులో కాబూల్ మళ్లీ తాలిబన్ల వశమయ్యేదాకా నలభై ఏళ్లకు పైగా అక్కడి జనం యుద్ధం నడుస్తుండగానే పుట్టారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, కన్నుమూశారు. ఆ కొలతతో చూస్తే కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లెలకు యుద్ధ చరిత్ర అంటూ లేదనిపిస్తుంది. ఈ ఊళ్లు ఏనాడూ యుద్ధరంగం కాలేదు. అందుకే మన స్థానిక చరిత్రల్లో రెండో ప్రపంచ యుద్ధానికి సొంత అధ్యాయం ఉండదు. 1942 ఆగస్టు 12న తెనాలిలో జరిగిన కాల్పుల ఘట్టం మాత్రం తప్పకుండా ఉంటుంది, అదీ స్వాతంత్ర్యోద్యమం కింద. యుద్ధం ఆ ఘట్టానికి వెనకాల ఎక్కడో ఉన్నట్టు ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఈ పద్ధతి సరికాదని ఈ వ్యాసం వాదం. యుద్ధం ఈ మూడు తాలూకాలకు నిజంగానే వచ్చింది. ధాన్యం ద్వారా, రూపాయి ద్వారా, రైలు పట్టాల ద్వారా వచ్చింది. అంతకు ముందు సర్కారు రైతు దగ్గర శిస్తూ నీటి తీరువా రొక్కంగా పుచ్చుకుని, పండిన గింజ ఎవరికి అమ్ముకున్నావని అడిగేది కాదు. యుద్ధంతో ఆ గింజే సర్కారు వ్యవహారమైంది. 1945లో తుపాకులు ఆగినా ఆ పెత్తనం ఆగలేదు.

ఇందుకు కారణం ముందు భూగోళంలోనే ఉంది. 1855లో విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక పడమటి కాలువల కింద ఈ నేల మాగాణి అయింది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువతో కలుస్తుంది కాబట్టి డెల్టా ధాన్యం పడవల మీద నేరుగా మద్రాసు చేరగలిగేది. దానికి తోడు మద్రాసు నుంచి బెజవాడ మీదుగా కలకత్తా వెళ్లే ప్రధాన రైలు మార్గం బాపట్ల, తెనాలి మీదుగానే పోతుంది. ఇక్కడి భాగాన్ని అప్పుడు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే నడిపేది. తెనాలి జంక్షను, అక్కడి నుంచి ఒక శాఖ రేపల్లెకు. రేపల్లె, బాపట్ల తాలూకాల అంచు సముద్రం. మిగులు ధాన్యం, సైన్యానికి కావలసిన రైలు దారి, శత్రువు దిగవచ్చునన్న తీరం, మూడూ ఒకేచోట ఉన్న ప్రాంతాన్ని యుద్ధకాలపు ప్రభుత్వం తన మానాన వదిలిపెట్టడం ఎక్కడా జరగదు.

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశాన్ని ఎవరినీ అడగకుండా యుద్ధంలోకి దింపాడు. అక్టోబరు చివరికి మద్రాసులో రాజాజీ మంత్రివర్గం తప్పుకుంది. అయినా మొదటి రెండేళ్లు డెల్టాకు యుద్ధం పత్రికల్లో చదివే సంగతే. ధాన్యం ధర కాస్త లేవడం చూసి, 1930ల మాంద్యంలో చితికిన రైతు ఊపిరి పీల్చుకున్నాడు కూడా. పరిస్థితి తిరగబడింది 1941 డిసెంబరులో జపాను రంగంలోకి దిగాక. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. దాంతో ఏటా పది లక్షల టన్నులకు పైగా భారతదేశానికి వచ్చే బర్మా బియ్యం ఒక్కసారిగా ఆగిపోయింది. లక్షల మంది భారతీయులు, వారిలో వేలకొద్దీ తెలుగు కూలీలు, అరకాను కొండల దారినీ మణిపురం దారినీ నడిచి వచ్చారు. ఏప్రిల్ 5న కొలంబో మీద, మర్నాడు విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే వారంలో బంగాళాఖాతంలో సరకు నౌకలు ఇరవైకి పైగా మునిగాయి. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలను బయటి ఊళ్లకు తరలించారు, జనం దొరికిన రైలెక్కి పోయారు. తూర్పు తీరం మీద ఓడ రవాణా స్తంభించిపోయేసరికి ఓడల బరువు కూడా రైలు మీదే పడింది. సైనికులు, మందుగుండు, బొగ్గు, బియ్యం అన్నీ తెనాలి, బాపట్ల స్టేషన్లు దాటే పోవాలి. చీరాల పరిసరాల మగ్గాలకు మరో దెబ్బ తగిలింది. ఆఫ్రికా పడమటి తీరానికీ అరబ్బు దేశాలకూ రుమాళ్లు నేసి పంపే నేతగాళ్లు వాళ్లు. ఓడలు లేక ఎగుమతి కుంటుపడింది, నూలు కొరత పడింది, 1943లో నూలు మీదా గుడ్డ మీదా ప్రభుత్వ నియంత్రణ వచ్చింది. పొలం ఉన్నవాడికి తిండి గింజలైనా మిగిలాయి. మగ్గం తప్ప మరేమీ లేనివాడికి అదీ లేదు.

ఈ కాలపు మార్పుల్లో బాగా తక్కువగా చర్చకు వచ్చేది డబ్బు. బ్రిటన్ తన యుద్ధ కొనుగోళ్లకు భారతదేశంలో నోట్లు అచ్చు వేయించి, లెక్క లండన్‌లో రాసుకుంది. 1939లో దాదాపు 180 కోట్ల రూపాయలుగా ఉన్న నోట్ల చెలామణి యుద్ధం ముగిసేనాటికి ఇంచుమించు 1,200 కోట్లకు చేరింది. సరకు పెరగకుండా నోటు పెరిగితే ఏమవుతుందో సంతకు వెళ్లే ప్రతివాడికీ అర్థమైంది. 1940లో వెండి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. జనం పాత రూపాయలు దాచుకోవడంతో చిల్లర కరువైంది. 1943లో రాగి పొదుపు కోసం నడుమ చిల్లు పెట్టిన కానీని విడుదల చేశారు. చిల్లికానీ అన్న మాట తెలుగు పల్లెల్లో ఆ తర్వాత చాలాకాలం వాడుకలో ఉన్నా, అది యుద్ధం చేసిన నాణెమని గుర్తున్నవారు తక్కువ. కిరసనాయిలు, చక్కెర, గుడ్డ, కాగితం ఒక్కొక్కటే కంట్రోలు కిందికి వెళ్లాయి. తెనాలి అప్పటికే అచ్చుయంత్రాలకూ పత్రికలకూ నాటకసమాజాలకూ పేరున్న పట్టణం కాబట్టి కాగితం కరువు అక్కడ కడుపు మీద కొట్టిన దెబ్బ కూడా. ఇలాంటి మార్పులకు సర్కారు నివేదికల కంటే కథానవలలే మంచి సాక్ష్యమిస్తాయి. తెనాలివాడైన కొడవటిగంటి కుటుంబరావు ‘చదువు’ నవల మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మాంద్యం దాకా ఒక మధ్యతరగతి ఇంటిని అనుసరిస్తుంది. ఎక్కడో జరిగే యుద్ధం వంటింటి ఖర్చుగా ఎలా మారుతుందో తెలుసుకోవాలంటే చరిత్ర గ్రంథాలు పక్కన పెట్టి దాన్ని చదవాలి.

ఇక 1942 ఆగస్టు 12. ఆగస్టు 8న బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానం జరిగింది. మర్నాడు తెల్లవారకముందే గాంధీ తదితరులు అరెస్టయ్యారు. ఆంధ్ర కాంగ్రెసు కార్యదర్శి కళా వెంకటరావు జూలై 29న పంపిన రహస్య సర్క్యులరు అప్పటికే జిల్లాలకు చేరింది. తంతి తీగలు తెంపడం, రైళ్ల గొలుసులు లాగడం అందులోని కార్యక్రమంలో ఉన్నాయి. పట్టాలు మాత్రం తొలగించరాదని, ప్రాణహాని కలగరాదని అదే కాగితం హెచ్చరించింది. మరుసటి ఏడు ప్రభుత్వం అల్లర్లకు కాంగ్రెసే బాధ్యురాలని నిరూపించడానికి అచ్చువేసిన పుస్తకంలో ఈ సర్క్యులరునే ప్రధాన సాక్ష్యంగా చూపింది. తెనాలిలో జనం రైల్వే స్టేషను మీద పడి తగలబెట్టారు, తీగలు తెంపారు. పోలీసులు కాల్చారు. ఏడుగురు చనిపోయారు. ఆ స్థలమే నేటి రణరంగ చౌక్, అక్కడ ఏడుగురికీ స్మారక స్తూపాలున్నాయి.

దీన్ని యుద్ధ చరిత్రగా చదవడానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఈ ప్రాంతంలో తిరుగుబాటు కొత్త కాదు. 1913లో మొదటి ఆంధ్ర మహాసభ బాపట్లలోనే జరిగింది. 1921లో చీరాల–పేరాల జనం పురపాలక సంఘాన్ని నిరాకరించి ఊరు ఖాళీ చేశారు. 1921–22లో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు. నిడుబ్రోలు నుంచి వచ్చిన ఎన్.జి. రంగా 1930లంతా రైతులను కూడగట్టాడు. ఇంత చరిత్ర ఉన్నచోట 1942కు యుద్ధం కారణమనడం ఎందుకు, గాంధీ పిలుపు చాలదా? పిలుపు చాలు, కాదనడం లేదు. కాని అంతకు ముందరి పోరాటాలకూ దీనికీ ఉన్న తేడాను ఆ పిలుపు ఒక్కటే వివరించలేదు. 1921లో జనం ఊరు విడిచారు, పన్ను ఆపారు, జైలుకు పోయారు. రైల్వే స్టేషనును తగలబెట్టలేదు. 1942లో కోపం సూటిగా రైలు మీదికీ తంతి మీదికీ పోయిందంటే, ఆ నెలల్లో సర్కారు అంటే ఏమిటో జనానికి కనిపించిన రూపం అదే కాబట్టి. నాలుగు నెలల కిందట విశాఖ మీద బాంబులు పడినప్పుడు రక్షించలేకపోయిన ప్రభుత్వం, మద్రాసు నుంచి తన కచేరీలను తానే ఎత్తుకుపోయిన ప్రభుత్వం, ఇక నిలవదని చాలామంది నమ్మారు. రైలు ఆగితే ప్రభుత్వం ఆగుతుందన్న లెక్క గాలిలోంచి పుట్టింది కాదు. ప్రభుత్వం స్పందించిన తీరు కూడా యుద్ధకాలపుదే. సైనిక రవాణా దారి మీద జరిగిన దాడిగా దాన్ని చూసింది కాబట్టే భారత రక్షణ నిబంధనల ఉక్కుపాదం అంత బరువుగా పడింది. తెనాలి ఏడుగురిని దేశభక్తులుగా తలచుకోవడం న్యాయమే. వారు ఆ యుద్ధపు మృతుల లెక్కలోకి కూడా రావాలి.

1943 నాటికి యుద్ధం గాదె దగ్గరికి వచ్చింది. బర్మా బియ్యం లేదు, మలబారు, తిరువాన్కూరు ఆకలితో ఉన్నాయి, బెంగాలులో లక్షలాదిమంది చచ్చిపోతున్నారు. అక్కడి మృతుల సంఖ్యను ప్రభుత్వ విచారణ సంఘం సుమారు 15 లక్షలంది, తర్వాతి పరిశోధకులు ఎక్కువమంది 30 లక్షల దాకా చెబుతారు. మద్రాసు ప్రభుత్వం కృష్ణా, గోదావరి డెల్టాలను మిగులు ప్రాంతాలుగా గుర్తించి, పట్టణాల రేషను కోసం ధాన్యం సేకరణ మొదలుపెట్టింది. కరణం లెక్కలో ఎన్ని ఎకరాలు, దిగుబడి ఎంత, ఇంటి తిండికి ఎంత, విత్తనానికి ఎంత, కూలీలకు ఎంత అని తీసేసి, మిగిలింది నిర్ణయించిన ధరకు ప్రభుత్వం చెప్పిన ఏజెంటుకే ఇవ్వాలి. పర్మిట్ లేకుండా బస్తా జిల్లా దాటకూడదు. కల్లం మీదికి శిస్తు కోసం ఎన్నడూ రాని అధికారి ఇప్పుడు గింజ కోసం వచ్చాడు. దొంగ బజారు పుట్టింది, మిల్లుదారుకు కొత్త బలం వచ్చింది, పర్మిట్ ఇప్పించగల మనిషి ఊళ్లో పెద్దమనిషి అయ్యాడు. ఈ చివరి మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని, తర్వాతి దశాబ్దాల డెల్టా రాజకీయాలకు మొదటి పాఠశాల ఇదేనని నా అభిప్రాయం.

కాంగ్రెసువారు జైళ్లలో ఉన్న ఈ కాలంలోనే కమ్యూనిస్టులు బయట ఉన్నారు. 1942 జూలైలో వారి పార్టీ మీద నిషేధం తొలగింది. ఫాసిజం మీద జరుగుతున్నది ప్రజాయుద్ధమని వారి వైఖరి. దాన్ని ఇప్పటికీ క్షమించనివారున్నారు, ఆ వాదం ఇక్కడ తేల్చనక్కర్లేదు. గమనించవలసింది ఏమిటంటే, ఆహార కమిటీలు, దొంగ నిల్వల మీద ఆందోళన, పంట పెంచమన్న ప్రచారం వారిని కౌలుదారుల, కూలీల వాడల్లోకి తీసుకెళ్లాయి. 1944లో అఖిల భారత కిసాన్ సభ బెజవాడలో జరిగింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరు బుర్రకథగా చెప్పిన వాటిలో ‘బెంగాల్ కరువు’ ఒకటి. ఎక్కడి బెంగాలు, ఎక్కడి డెల్టా పల్లె! ధాన్యం పండించే ఊరివాళ్లు ఆకలి చావుల కథ విని కళ్లు తుడుచుకున్న ఆ రాత్రుల్లో యుద్ధం వారికి ఏ బాంబుకంటే దగ్గరగా వచ్చింది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. యుద్ధం డెల్టా రైతును ముంచలేదు, లేవనెత్తింది అంటారు. ధరలు పెరిగాయి, పాత అప్పులు తీరాయి, మేడలు లేచాయి. ఇందులో నిజముంది. 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చేనాటికి అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు 1945 నాటికి తేరుకున్నాయి. 1946లో బి.వి. నారాయణస్వామి నాయుడు మద్రాసు ప్రభుత్వానికి సమర్పించిన గ్రామీణ రుణాల నివేదిక ప్రకారం రాష్ట్రంలో వ్యవసాయ రుణ భారం 1939తో పోలిస్తే దాదాపు అయిదో వంతు తగ్గింది. కాని అదే నివేదికను మరికాస్త చదివితే అసలు సంగతి బయటపడుతుంది. అప్పు బాగా తగ్గింది పెద్ద భూస్వాములకు. భూమి లేని కూలీలకు తగ్గకపోగా పెరిగింది. కారణం ఊహించడం కష్టం కాదు. అమ్మడానికి గింజ ఉన్నవాడికి ధర పెరుగుదల లాభం, కొనుక్కు తినేవాడికి నష్టం. గింజ కూలి దొరికినంతకాలం పనివాడికి కొంత రక్షణ, పైసల కూలి అయితే అదీ లేదు. కాబట్టి డెల్టా బాగుపడిందనే మాట డెల్టాలో సగం మందిని లెక్కలోంచి తీసేసి చెప్పే మాట. యుద్ధం ఒక ప్రాంతాన్ని తాకిందా లేదా అని అడిగేటప్పుడు, అందులో ఎవరిని తాకిందని కూడా అడగాలి.

అఫ్గానిస్థాన్‌తో ఈ ప్రాంతాన్ని ఒకే వాక్యంలో పెట్టడమే అతి అని మూడో అభ్యంతరం రావచ్చు. బాధను పోల్చడం ఇక్కడి ఉద్దేశం కాదు, పోల్చినా నిలవదు. 1990 నాటికి 60 లక్షల మందికి పైగా అఫ్గాన్లు పాకిస్థాన్, ఇరాన్‌లలో శరణార్థులు. డెల్టాకు ఆ అనుభవంలో నూరో వంతు కూడా లేదు. అయినా యుద్ధం పల్లెలోకి వచ్చే దారి రెండుచోట్లా ఒకటే: నీరు, పంట, పంటను కొనేవాడు. అక్కడ కరేజ్ అనే భూగర్భ కాలువలను ఏటా పూడిక తీయాలి. ఎవరి వంతు నీరు ఎంతో మిరాబ్ అనే నీటి పెద్ద తేల్చాలి. మనుషులు పారిపోయాక, పొలాల్లో మందుపాతరలు పడ్డాక ఆ ఏర్పాటు చెదిరింది. హెల్మండ్ నది మీద 1953లో పూర్తయిన కజాకీ ఆనకట్ట కింద గోధుమ, పత్తి పండవలసిన నేల గసగసాల పాలైంది. తక్కువ నీటితో పండుతుంది, నల్లమందు చెడిపోదు, వ్యాపారి ముందే అప్పిస్తాడు. యుద్ధంలో చిక్కుకున్న రైతుకు ఇంతకంటే తేలికైన పంట లేదు. 2022 ఏప్రిల్‌లో తాలిబన్లు దాన్ని నిషేధించాక మరుసటి ఏడు సాగు 2,33,000 హెక్టార్ల నుంచి 10,800 హెక్టార్లకు పడిపోయిందని ఐక్యరాజ్యసమితి కార్యాలయం లెక్కగట్టింది. ఆ నష్టం మళ్లీ కౌలుదారుదే. డెల్టాలో కూడా యుద్ధమే పంట ధరను, కొనేవాణ్ణి నిర్ణయించింది. తేడా ఏమిటంటే ఇక్కడ కాలువ నిలిచింది, కరణం లెక్క నిలిచింది, సర్కారు ఇష్టం లేకపోయినా కనిపించే చోటే ఉంది. అందుకే యుద్ధానంతరం ఒకచోట కోలుకోవడం సాధ్యమైంది, మరోచోట కాలేదు. పంట భూమికి ఫిరంగి కంటే నిర్వహణ లేని కాలువ ఎక్కువ హాని చేస్తుందనడానికి ఈ రెండూ చాలు.

కంట్రోళ్లు యుద్ధంతో పోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా సేకరణ, పర్మిట్లు సాగాయి. ముఖ్యమంత్రిగా తిరిగి వచ్చిన రాజాజీ 1952 జూన్‌లో మద్రాసు రాష్ట్రంలో ఆహార ధాన్యాల కంట్రోళ్లను ఎత్తేశాకే డెల్టా రైతుకు యుద్ధం ముగిసింది. ఈ వ్యాసం శీర్షికలో 1945 బదులు 1952 ఉండడానికి కారణం అదే.

మిగిలిపోయినది మరొకటి ఉంది, అది మేలైనది. అప్పటిదాకా మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయ కళాశాల అంటే కోయంబత్తూరే. తిండి గింజల కరువు నడుమ 1945లో బాపట్లలో రెండో కళాశాల ప్రారంభమైంది. అది 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగమైంది. అక్కడి పరిశోధనలోంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, నేడు తెలుగువారి అన్నంలో పెద్ద వాటా. దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మసూరి కూడా యుద్ధానంతర ఆహార కొరతను తీర్చడానికి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చేపట్టిన జపానీ–భారతీయ వరి సంకరణ పథకం నుంచి వచ్చిందే.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. రేపల్లె అందులోకి వచ్చింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. ఈ రెండు జిల్లాల చరిత్ర కొత్తగా రాసేవారికి ఒక విన్నపం. 1942 ఆగస్టు 12 దగ్గర ఆగిపోకండి. ఆనాటి సేకరణ ఉత్తర్వులు, రేషను లెక్కలు, కరణాల అడంగళ్లు, మిల్లుల పద్దులు చెదలు పట్టకముందే వెతికించండి. గింజ ఎవరి ఇంటి నుంచి పోయింది, ఏ ధరకు పోయింది, ఆ ఏడు కూలివాడు ఏం తిన్నాడు అన్న మూడు ప్రశ్నలకూ ఊరివారీగా జవాబు రాయండి.